రుమాలు వేసిన పేరు

బ్రాన్విన్ ఇంటి ముందుగదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టిన తాడు మీద పేర్లు ఆరేసి ఉన్నాయి. వచ్చిన ప్రతి స్త్రీ తాను తెచ్చిన వంటకాన్ని బల్ల మీద పెట్టి, ఒక కాగితం ముక్క మీద తనకు నచ్చిన పేరునూ, దాని కింద అర్థాన్నీ రాసి, బట్టల క్లిప్పుతో ఆ తాడుకు తగిలించాలి. కాన్పుకు ముందు ఆడవాళ్ళంతా కూడి జరుపుకునే వేడుకలో అదొక ఆట. పుట్టబోయేది ఆడపిల్ల అని రివర్టన్ ఊరంతటికీ తెలుసు. ఏ పేరు పెట్టబోతున్నారో మాత్రం బ్రాన్విన్ ఎంతకీ బయటపెట్టలేదు.

ఆమె అక్క ఫిలిప్పా ఆలస్యంగా వచ్చింది. ఊళ్ళో అందరూ ఆమెను పిప్ అంటారు. చలికాలంలో ఆమె పని గొర్రెల కడుపులు చూడటం. ఏ గొర్రె కడుపులో ఎన్ని పిల్లలున్నాయో యంత్రంతో చూసి రైతుకు చెబుతుంది. స్నానం చేసి, బట్టలు మార్చుకుని వచ్చినా ఉన్ని వాసన ఆమెను పూర్తిగా వదలలేదు. చీజ్ రోల్స్ పళ్ళెం పట్టుకుని ఆమె వంటింట్లో అడుగుపెట్టగానే, అక్కడ నిలబడి పురిటినొప్పుల ముచ్చట్లు చెప్పుకుంటున్న ముగ్గురు ఆడవాళ్ళు ఒక్కసారిగా రోడ్డు మరమ్మతుల గురించి మాట్లాడసాగారు. పిప్ దాన్ని గమనించింది. గమనించనట్టు ముందుగదిలోకి వెళ్ళి తాడు మీది పేర్లు పైకి చదవడం మొదలుపెట్టింది.

"సిసీలియా. అర్థం: మధురమైన గొంతు కలది. ఎవరు రాశారిది? అసలు అర్థం గుడ్డిది అని కదా?"

"ఆ అర్థం బాగోలేదని నేనే మార్చా. ఎవరైనా అడిగారా?" అంది పక్కింటావిడ.

"ఇదేంటి? కాల్విన్, బట్టతల! ఆడపిల్లకి కాల్విన్ ఏంటి?"

"పుట్టినప్పుడు అందరూ కాల్విన్‌లే కదమ్మా!"

అందరూ గొల్లున నవ్వారు. బ్రాన్విన్ కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఇంకా సద్దుమణగకముందే వాళ్ళ పిన్ని నోలీన్ తన కాగితం తగిలించి, చేతులు దులుపుకుని వెనక్కి తిరిగింది. ఆమె ఇరవై ఏళ్ళు సముద్రం దాటి క్వీన్స్‌లాండ్‌లో కాపురం చేసి, భర్త పోయాక ఆ వేసవిలోనే సొంత ఊరు చేరింది.

"ఇంతమంది ఉండి మా అమ్మ పేరు ఒక్కరికీ గుర్తు రాలేదా? మీకు అమ్మమ్మ కదే! ఈడిత్. ఎంత చక్కటి పేరు! ఇప్పుడు లండన్‌లో కూడా మళ్ళీ ఇదే పెడుతున్నారట."

ఎవరి చేతిలో ఉన్న చీజ్ రోల్ వాళ్ళ చేతిలోనే ఉండిపోయింది. బ్రాన్విన్ ముఖం కందిపోయింది. కుర్చీ చేతులు ఊతంగా పట్టుకుని లేచి, ఆ కాగితాన్ని క్లిప్పులోంచి లాగేసింది.

"అది కాదు పిన్నీ. అది పిప్‌ది."

"పిప్‌దేంటి? నా తల్లి పేరు మీద దానికి హక్కేంటి?"

"రాసిచ్చిందేం లేదు పిన్నీ," అంది పిప్. "చిన్నప్పుడు రుమాలు వేశా, అంతే."

బస్సు సీటు మీద కిటికీలోంచి రుమాలు వేసినట్టు, ఆ ప్రాంతపు పిల్లలు దేన్నయినా ముందుగా నోటితో పట్టేసుకుంటారు. కారులో ముందు సీటు, కేకులో ఆఖరి ముక్క, కిటికీ పక్క మంచం, ఏదైనా సరే. "నాది" అని ముందు ఎవరంటే వాళ్ళదే. రేపు తమకు పుట్టబోయే పిల్లల పేర్లను కూడా అక్కచెల్లెళ్ళు అలాగే పంచుకుంటారు. పెద్దయ్యాక మిగతావన్నీ మరచిపోతారు గానీ పేర్ల సంగతి మాత్రం మరచిపోరు. అక్క రుమాలు వేసిన పేరును చెల్లెలు తన బిడ్డకు పెట్టుకుందని ఏళ్ళ తరబడి క్రిస్మస్ కార్డులు మానేసిన ఇళ్ళు ఆ ఊళ్ళోనే ఉన్నాయి. ఆ కార్డులు మళ్ళీ మొదలైన ఇళ్ళు తక్కువ.

పిప్ ఆ పేరు మీద రుమాలు వేసింది అమ్మమ్మ అంత్యక్రియల నాడు, తండ్రి కారు వెనక సీట్లో. అప్పుడామెకు తొమ్మిదేళ్ళు, చెల్లెలు బ్రాన్‌కు ఆరు. శ్మశానం గేటు దాటుతుండగా పిప్ గట్టిగా, "ఈడిత్ నాది. నా కూతురికి," అంది. బ్రాన్ కాసేపు ఆలోచించి, "అయితే క్రిస్టల్ నాది," అంది. ముందు సీట్లో తల్లి ఏడుస్తూనే నవ్వింది. ఆ తల్లి కూడా పోయి ఆరేళ్ళయింది.

ఇప్పుడు పిప్‌కు నలభై మూడు. పిల్లల కోసం ఆమె, భర్త వారెన్ డునెడిన్‌లోని డాక్టర్ల చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగారు. ఆ తిరుగుడు మానేసి రెండేళ్ళయింది. వారెన్ ఉత్తరాన వేరే ఉద్యోగం చూసుకున్నాడు. వెళ్తూ కట్టెల షెడ్డుకు తలుపు బిగించి వెళ్ళాడు. అంత మర్యాదగా ముగిసింది వాళ్ళ కాపురం. ఇక పిల్లలు లేరన్న మాటను మాత్రం పిప్ ఇంతవరకూ నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు. అనవలసిన అవసరమూ రాలేదు. ఆ పేరు ఆమె దగ్గర ఉన్నంతకాలం, అది ఎవరి కోసం ఉందో ఎవరూ అడగలేదు. దాన్ని వదులుకోవడమంటే ఆ మాట అనడమే. ఆమెకు పెద్ద కష్టమంతా అక్కడే ఉంది.

*

వేడుక ముగిశాక మిగిలిన వంటకాలు డబ్బాలో సర్దుకుని పిప్ తండ్రి ఇంటికి వెళ్ళింది. సెల్విన్ ఒకప్పుడు పాల ఫ్యాక్టరీ ప్రయోగశాలలో పనిచేశాడు. నలభై ఏళ్ళ పాటు పాలలో వెన్న ఎంతో, నీళ్ళు ఎన్నో తేల్చిన మనిషి. కొలవడానికి వీలుకాని దేన్నయినా మర్యాదగా పక్కన పెట్టడం ఆయన స్వభావం.

"బ్రాన్ దగ్గర పేర్ల పుస్తకం ఒకటుంది నాన్నా. అందులో ఈడిత్ అంటే సంపద కోసం పోరాడే వీరనారి అని రాశారు."

సెల్విన్ చీజ్ రోల్‌ను పొయ్యి మీద వెచ్చబెట్టుకుంటూ తల అడ్డంగా ఊపాడు. "అలాంటిదేం లేదమ్మా. మొదటి ముక్క సిరి, రెండోది సమరం. రెండూ పక్కపక్కన పెట్టారంతే. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషువాళ్ళు అర్థం చూసి పేర్లు పెట్టలేదు. తండ్రి పేరులోంచి ఒక ముక్క, తల్లి పేరులోంచో మేనత్త పేరులోంచో ఇంకో ముక్క తీసి అతికించేవాళ్ళు. శాంతి, తోడేలు కలిపి కూడా పేరు పెట్టారు తెలుసా? శాంతంగా ఉండే తోడేలు అని కాదు. ఈ పిల్ల మావాళ్ళ పిల్ల అని. ఆ పుస్తకాలు రాసేవాళ్ళు రెండు ముక్కల మధ్య ఏదో కథ అల్లి అమ్ముకుంటారు."

"మరి నా పేరు?"

"గుర్రాలంటే ప్రేమ ఉన్నది అని."

"నన్ను గుర్రం కరిచింది నాన్నా. రెండుసార్లు."

"అందుకేగా చెబుతున్నా."

ఆయన రోల్ తిరగేశాడు. వెన్న చిటపటలాడింది. కూతురి వైపు చూడకుండానే, "అది సరే పిప్, ఆ పేరు సంగతి... నువ్వేమైనా..." అని మొదలుపెట్టి, కిటికీలోంచి బయటకు చూశాడు. "దక్షిణపు చలిగాలి లేచేలా ఉంది. రేపు మంచు పడుతుందేమో."

మంచు పడలేదు. పడదని ఆయనకూ తెలుసు.

*

ఆ తర్వాతి వారం పిప్ హెక్టర్ పొలంలో పనికి వెళ్ళింది. హెక్టర్ గొర్రెల మంద పెద్దది, నోరు ఇంకా పెద్దది. మొదటి రోజు సాయంత్రం అతను ఆమె బండిలో ఒక బస్తా స్వీడ్ దుంపలు వేశాడు. "మంచు తగిలాక తవ్వినవి. తియ్యగా ఉంటాయి. మీ చెల్లెలికి ఇవ్వు. కడుపుతో ఉన్నవాళ్ళకి మంచిదని మా ఆవిడ అంటుంది. మా ఆవిడ అన్నింటికీ అదే మంచిదంటుందనుకో."

పిప్ నేరుగా బ్రాన్ ఇంటికి వెళ్ళి, వెనక తలుపు వైపు నడిచింది. బస్తా భుజాన ఉంది. బట్టలుతికే గది కిటికీ ఓరగా తెరిచి ఉంది. లోపల బ్రాన్ ఒక్కతే ఉంది. అయినా మాట్లాడుతోంది.

"చాలు ఈడీ, అది నా పక్కటెముక. నీ ఆస్తేం కాదు... చూడు, మీ నాన్న సాక్సులు ఒక్కటీ జత కుదరవు. నువ్వు పుట్టాక ఇది నీ పని. వింటున్నావా ఈడిత్? తన్నకు మరి. అదిగో, మళ్ళీ!"

ఆ గొంతులో తడబాటు లేదు. అది ఆ రోజే నోట్లోకి వచ్చిన పిలుపు కాదు. నెలల తరబడి వాడి వాడి నున్నబడిన పిలుపు.

పిప్ బస్తాను మెట్ల మీదకు జారవిడిచింది. మూతి విప్పుకుని దుంపలు రెండో మూడో కిందికి దొర్లాయి. ఆమె వాటిని ఏరలేదు. బండి స్టార్ట్ చేసి వెళ్ళిపోయింది. ఇంటికి చేరగానే గమ్‌బూట్లు కూడా విప్పకుండా తండ్రికి ఫోన్ చేసింది.

"నీకు తెలుసా?"

"ఏమిటమ్మా?"

"బ్రాన్ ఆ పిల్లని ఈడీ అని పిలుస్తోంది."

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"ఈస్టర్ నుంచి అనుకుంటా."

"ఇంకెవరికి తెలుసు?"

"రోరీకి తెలుసు. మొగుడు కదా, తెలియకుండా ఎలా ఉంటుంది? నోలీన్‌కి వేడుక అయ్యాక చెప్పారు. చాలా బాధపడింది పాపం."

"అంటే నాకు తప్ప అందరికీ తెలుసన్నమాట."

"నీ మనసు నొచ్చుకుంటుందని..." సెల్విన్ గొంతు సవరించుకున్నాడు. "చూడు పిప్, ఎంతమంది పెట్టుకున్నా పేరు అరిగిపోదు. ఒక కుటుంబంలో ఇద్దరు ఈడిత్‌లు ఉండొచ్చు. అందులో అసంభవమేమీ లేదు."

"ఇద్దరు ఉండరు నాన్నా."

"ఎందుకు ఉండకూడదు?"

సమాధానం ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. "ఎందుకంటే ఉండరు," అని ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత ఆలోచించుకుంటే, చెల్లెలు పేరు తీసుకున్నందుకు తనకు అంత కోపం రాలేదని ఆమెకే తెలిసింది. అందరూ కలిసి తనను జ్వరంతో పడుకున్న మనిషిలా చూసుకుంటున్నారు. కాళ్ళ చప్పుడు కాకుండా నడుస్తున్నారు. కోపం దాని మీద. మరి ఆ జ్వరం సంగతి తాను ఎవరికైనా చెప్పిందా అంటే, అదీ లేదు.

*

మర్నాడు ఉదయం పిప్ తన ట్రెయిలర్ మీద, గొర్రెల బోనులో చిన్న స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. గొర్రె ఒక పక్క తలుపు నుంచి లోపలికి వస్తుంది. ఆమె దాని పొట్ట కింద పరికరం ఆనించి, ఎదురుగా ఉన్న తెర చూసి, లెక్క పైకి చెప్పి, కాలితో మీట నొక్కుతుంది. గొర్రె అవతలి తలుపు గుండా బయటపడుతుంది. అక్కడ హెక్టర్ రంగు డబ్బాతో నిలబడి, ఒకే పిల్ల ఉన్నదానికి నీలం గీత, ఏమీ లేనిదానికి నెత్తిన ఎర్ర చుక్క వేస్తాడు. కవలలున్నవి ఎక్కువ కాబట్టి వాటికి రంగు దండగ.

గొర్రెల అరుపుల మధ్య రోరీ ట్రక్కు వచ్చి గేటు దగ్గర ఆగింది. బ్రాన్ దిగింది. మొగుడి వానకోటు తొడుక్కుంది గానీ అది పొట్ట దగ్గర గుండీలు పడక రెండు వైపులా రెక్కల్లా వేలాడుతోంది. బురదలో ఆచితూచి అడుగులు వేస్తూ వస్తున్న ఆమెను చూసి హెక్టర్ కేకేశాడు.

"ఏయ్ పిప్, ఇంకోటి వస్తోంది! దీన్ని కూడా బోనులోకి తోలమంటావా?"

"దానికి యంత్రం అక్కర్లేదు హెక్టర్. గేటు దగ్గరనుంచే కనిపిస్తోంది."

బ్రాన్ బోను పక్కకు వచ్చి కమ్మీ పట్టుకుంది. "పిప్, ఒక్క నిమిషం పని ఆపు."

"ఆపితే మంద వెనక్కి తిరుగుతుంది. చెప్పు, వింటున్నా. కవలలు."

"నేను దొంగతనం చేయలేదు."

"ఒకటి. నేను అన్నానా?"

"దుంపలు మెట్ల మీద పారేసి పోయావు. అంటే అన్నట్టే."

"కవలలు. బరువుగా ఉన్నాయని దించా."

"అబద్ధాలాడకు. కిటికీ తెరిచి ఉంది. విన్నావు."

"కవలలు. ఒకటి. విన్నా. అయితే ఏంటి? ఊరంతా విన్నదే నేనూ విన్నా. కాస్త ఆలస్యంగా విన్నా. ఒకటి."

"పిప్!" బ్రాన్ గొంతు గొర్రెల అరుపుల పైకి లేచింది. "నేను అరువు తీసుకున్నా, అంతే! కడుపులో ఉన్నంతకాలం ఏదో ఒకటి అని పిలవాలి కదా. ఎన్ని పేర్లు ప్రయత్నించానో తెలుసా? ఏదీ నోటికి రాలేదు. ఇదొక్కటే వచ్చింది. పుట్టాక వేరే పేరు పెడదామనుకున్నాం. రోరీ కూడా ఒప్పుకున్నాడు. దీన్ని నీకు తిరిగి ఇచ్చేసేవాళ్ళం. చిన్న మరక కూడా లేకుండా. ఎవరూ వాడనట్టే ఉండేది."

పిప్ చేయి ఆగిపోయింది. పరికరం గొర్రె పొట్ట కింద అలాగే ఉంది. నెలల తరబడి ఒక బిడ్డను ప్రేమగా పిలిచిన పేరును, బిడ్డ బయటికి రాగానే ఒలిచేసి, ఉతికి మడతపెట్టి తనకు తిరిగి ఇవ్వాలనుకున్న చెల్లెలిని ఆమె చూస్తూ ఉండిపోయింది. ఇంతటి వెర్రితనం తమ ఇంట్లో తప్ప ఇంకెక్కడా పుట్టదనిపించింది. ఇంతటి ప్రేమ కూడా.

"అమ్మాయ్," అన్నాడు హెక్టర్ అవతలి నుంచి, "దీని సంగతేంటి? ఒకటా, రెండా?"

పిప్ తెర వైపు చూసింది. మళ్ళీ ఒకసారి జాగ్రత్తగా చూసింది.

"ఖాళీ."

హెక్టర్ దాని నెత్తిన ఎర్ర చుక్క పెట్టాడు. బ్రాన్ భోరుమంది.

"ఏయ్, ఏయ్! గొర్రె గురించి చెప్పానే!" అంది పిప్.

"తెలుసు!"

"మరెందుకు ఏడుస్తున్నావు?"

"తెలిసినా ఏడుపొస్తోంది! నువ్వు రోజంతా ఈ మాట అంటూ కూర్చుంటావు. ఎలా అంటావో నాకు అర్థం కాదు."

హెక్టర్ రంగు డబ్బాను గుంజ మీద పెట్టాడు. "టీ పెట్టుకొస్తా," అని కుక్కలను కూడా వెంటబెట్టుకుని షెడ్డు వైపు వెళ్ళిపోయాడు. ఆ పొలంలో అతను తనంతట తాను టీ పెట్టడం అదే మొదటిసారి అయివుంటుంది.

పిప్ బోనులోంచి దిగి, చేతులకు అంటిన, పరికరానికి పూసే జిగురును ప్యాంటుకు తుడుచుకుంది. చెల్లెలి ముందు నిలబడింది. పక్కన దొడ్డిలో గొర్రెలు గోల చేస్తున్నాయి. ఆ గోల ఉండటం వల్లనేమో, మాట తేలిగ్గానే బయటికి వచ్చింది.

"నాకు పిల్లలు పుట్టరు బ్రాన్."

బ్రాన్ ఏడుపు ఆపి తలెత్తింది.

"గొర్రెలకి చెప్పినంత సులువుగా ఇది చెప్పలేకపోయా. ఆ పేరు నా దగ్గర ఉన్నన్నాళ్ళూ చెప్పక్కర్లేకపోయింది. ఇంకా దాచుకుంది, ఇంకా ఆశ ఉంది కాబోలు అని మీరనుకున్నారు. నేనూ అలాగే నటించా. మనం రెండేళ్ళుగా ఒకరికొకరు అబద్ధం చెప్పుకుంటున్నాం. నాన్న అయితే రాని మంచు కురిపిస్తున్నాడు."

"ఇంకోసారి ప్రయత్నిస్తే..."

"లేదు. అయిపోయింది. నిజం చెప్పనా? బాధ కూడా చాలావరకు అయిపోయింది. రోజూ ఉండదు. ఎప్పుడో వస్తుంది, చలికాలంలో మోకాలి నొప్పిలా. కానీ మీరు నన్ను చూసి మాట మార్చినప్పుడల్లా తప్పకుండా వస్తుంది. పేరు తీసుకో. దానికి ఆ పేరు ఇప్పటికే ఉంది. పిలిస్తే తన్నుతోంది కదా."

బ్రాన్ వానకోటు చేతితో ముక్కు తుడుచుకుంది. "ఊరికే తీసుకోను."

"అదేంటి?"

"ఊరికే ఇస్తే నువ్వు త్యాగం చేసినట్టు ఉంటుంది. ఆ పిల్లని చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. నోలీన్ పిన్ని పదిమందికి చెప్పి కళ్ళు తుడుచుకుంటుంది. నా కూతురికి అలాంటి పేరు వద్దు. ఏదైనా అడుగు. బేరం చేద్దాం."

పిప్‌కు నవ్వొచ్చింది. అయితే బ్రాన్ అన్నదాంట్లో తప్పేమీ కనబడలేదు. దొడ్డిలో ఒక గొర్రె ఇంకోదాని వీపు మీదకు ఎక్కి చుట్టూ చూసి దిగింది.

"సరే. నేను వచ్చినప్పుడు ఎవరూ మాట మార్చకూడదు. నీ కుట్లు, నీ పాలు, దాని విరేచనాలు, అన్నీ నా ముందే మాట్లాడుకోండి. నాకు విసుగొచ్చేదాకా. వినలేకపోతే నేనే లేచి బయటికి వెళ్తా. ఎప్పుడు లేవాలో నాకు తెలుసు. మీరు ముందే తలుపులు తీసి పెట్టక్కర్లేదు."

"అంతేనా?"

"అదేమైనా తేలికనుకుంటున్నావా? పిన్నిని ఎవరు ఆపుతారు? నాన్నచేత వాతావరణం మాన్పించడం ఎవరి వల్ల అవుతుంది?"

"నాన్న సంగతి కష్టమే," అంది బ్రాన్ నిజాయితీగా. "పిన్నికి నేను చెబుతా."

"అయితే కుదిరినట్టే."

బ్రాన్ చేయి చాచింది. పిప్ తన చేతికింకా జిగురు ఉందని చెప్పబోయేలోపే బ్రాన్ ఆ చేతిని పట్టుకుని గట్టిగా ఊపింది. తర్వాత తన అరచేతిని చూసుకుని, "ఛీ! ఏంటిది?" అంది.

హెక్టర్ రెండు మగ్గులతో వచ్చాడు. ఇద్దరి ముఖాలూ చూసి, ఇక భయం లేదనుకుని, "ఇంతకీ ఏ పేరు మీద ఇంత గొడవ?" అని అడిగాడు.

"ఈడిత్," అన్నారు ఇద్దరూ.

"మా అత్తగారి పేరు!" హెక్టర్ టీ ఒలికించుకున్నాడు. "దేవుడా, ఆ పిల్లకి చెవులైనా మా అత్తవి రాకుండా చూడు."

*

ఆగస్టు చివర్లో, అక్కడి చలికాలం ముగిసేవేళ, బిడ్డ పుట్టాక వచ్చిన ఒక ఆదివారం మధ్యాహ్నం, పిప్ బ్రాన్ ఇంటికి వెళ్ళేసరికి ముందుగది నిండా మనుషులున్నారు. తలుపు తీసేసరికి నోలీన్ పిన్ని తన మొదటి కాన్పు గురించి చెబుతోంది. పిప్‌ను చూడగానే ఆమె నోరు ఠక్కున మూతపడింది. బ్రాన్ సోఫా మీంచి ఒక చూపు విసిరింది. నోలీన్ ఉలిక్కిపడి, అవసరానికి మించిన గొంతుతో, మించిన వివరాలతో మళ్ళీ మొదలుపెట్టింది.

"ఆ, ఎక్కడున్నా? కుట్ల దగ్గర! అవి చీము పట్టాయి, వినండి, పచ్చగా..."

"పిన్నీ, మేం బిస్కట్లు తింటున్నాం," అన్నాడు రోరీ.

"పిప్ అడిగిందటగా! నేను చెప్పాల్సిందే."

పిప్ కోటు తీసి తగిలించి, ఒక స్టూలు లాక్కుని కూర్చుంది. కుట్ల ప్రస్తావన చాలాసేపు సాగింది. తర్వాత పాలు చాలడం లేదన్న ప్రస్తావన వచ్చింది. అదీ ముగిశాక, కామెర్లేమోనని, బిడ్డ రంగు పసుపా, లేతపసుపా అన్న చర్చ నడిచింది. అందులో సెల్విన్ ఆసక్తిగా తలదూర్చి, కిటికీ వెలుతురులో చూస్తే తప్ప ఏమీ తేల్చలేమన్నాడు. కాసేపటికి పిప్‌కు నిజంగానే ఆవలింత వచ్చింది. ఇంతకాలం వినకుండా పోగొట్టుకున్నది ఇదేనా అని ఆమెకు ఆశ్చర్యం కలిగింది.

మధ్యలో సెల్విన్ అలవాటు చొప్పున కిటికీ వైపు తిరిగి, "దక్షిణం నుంచి..." అని, ఆగి, "దాని డొక్క నిండుతోందా?" అని ముగించాడు.

"నిండకపోతే ఊరుకుంటుందా?" అంది బ్రాన్. ఆమె లేచి నిలబడింది. "నాకు అర్జెంటు. ఇదిగో, పట్టుకో."

ఆమె బిడ్డను చేతికి అందినవాళ్ళకు ఇచ్చేసి, గబగబా నడిచి వెళ్ళిపోయింది. చేతికి అందింది పిప్. బిడ్డ బరువు ఆమె మోచేతి వంపులోకి జారింది. తల వెచ్చగా ఉంది. ఎక్కడో లోపల పాత నొప్పి ఒకసారి మెలిపెట్టింది. పిప్ దాన్ని అలాగే మెలిపెట్టనిచ్చింది. ఆమె కళ్ళు నిండాయి.

ఎవరూ ఆమె ముఖంలోకి చూడలేదు. నోలీన్ తన రెండో కాన్పు మొదలుపెట్టింది. రోరీ ఆఖరి బిస్కట్ మీద చేయి వేశాడు. సెల్విన్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ, పసిపిల్లలకు మొదటి వారాల్లో కనిపించేది జానెడు దూరమేననీ, ముఖం దగ్గరగా పెట్టకపోతే దానికి ఎవరూ తెలియరనీ ఎవరికో చెబుతున్నాడు.

పిప్ ముఖం దగ్గరగా పెట్టింది.

"ఈడిత్," అంది. బిడ్డ నుదురు ముడిచి, ఆ శబ్దం వచ్చిన వైపు చూడటానికి చాలా ప్రయాసపడింది.